కమ్మింగుకు కాగితపు దొర

కమ్మింగులో మేము ఇల్లు కొన్ననాడు లాయరుగారి ఆఫీసులో గంటన్నరసేపు సంతకాలు చేశాము. ఏ కాగితం దేనికో చదివే ఓపిక ఎవరికి ఉంటుంది? చేతులు నొప్పి పుట్టాక తాళాలు ఇచ్చారు, ఇంటికొచ్చి పాలు పొంగించాము, కాగితాల కట్ట అలమరలో పడేశాము. ఆ దస్తావేజులో మా వీధి పేరుకంటె ముందు 'ల్యాండ్ లాట్' అని ఒక నంబరు, ఆ తరువాత డిస్ట్రిక్టు, సెక్షను అని వరసగా అంకెలు ఉన్నాయి. అవి ఏమిటని మేము అడగలేదు.

అడిగింది మా అమ్మాయి. జార్జియాలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ రాష్ట్ర చరిత్ర పాఠంగా ఉంటుందన్న సంగతి పెద్ద పిల్లలున్న సభ్యులకు తెలిసినదే. "మీరు ఉంటున్న నేల మీకంటె ముందు ఎవరిది? ఎంత వెనక్కి వెళ్లగలరో వెళ్లండి" అని దానికి ఇంటిపని ఇచ్చారు. ఆ సమయానికి మా ఇంట్లో తాతగారు ఉన్నారు. కాకినాడలో నలభై ఏళ్లు ప్లీడరీ చేసిన మనిషి. ఆరు నెలల వీసాలో మూడు నెలలు టీవీతో గడిపి విసుగెత్తి ఉన్నారేమో, దస్తావేజు అనే మాట చెవిన పడగానే కళ్లజోడు సవరించుకుని బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నారు. ఆ తరువాత మూడు వారాలు మా ఇంట్లో భోజనాల బల్లమీద భోజనం లేదు.

వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లగా ఇంగ్లీషువారి కాగితాలలో మొట్టమొదట తగిలినది 1663 మార్చి 24 నాటి ఒక సన్నదు. ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ తనకు సింహాసనం తిరిగి దక్కడానికి సాయపడిన ఎనిమిదిమంది పెద్దలకు అమెరికాలో ఒక దేశమంత భూమిని రాసి ఇచ్చాడు. ఉత్తరాన 36 డిగ్రీల అక్షాంశం, దక్షిణాన 31 డిగ్రీలు, తూర్పున అట్లాంటిక్, పడమరన పసిఫిక్. మధ్యలో ఏమున్నదో ఇచ్చినవాడికీ తెలియదు, పుచ్చుకున్నవారికీ తెలియదు. దానికి కరొలినా అని పేరు. మన కమ్మింగు 34 డిగ్రీల పైచిలుకు. అంటే మా పెరటి కరివేపాకు కుండీ సహా అంతా ఆ ఎనమండుగురి ఖాతాలోకి పోయింది. చూడకుండా ఇచ్చినది, చూడకుండా పుచ్చుకున్నది! తాతగారు "దీన్ని మా కోర్టులో అయితే అసలు రిజిస్టరే చేయరు" అన్నారు.

ఆ ఎనమండుగురిలో క్లారెండన్, ఆల్బెమార్ల్, క్రేవెన్, కార్టరెట్, కాలెటన్, ఇద్దరు బర్క్‌లీ సోదరులు పోగా మిగిలినవాడు ఆంథొనీ ఆష్లీ కూపర్. తరువాత షాఫ్ట్స్‌బరీ ఎర్ల్ అయిన దొర. తక్కిన ఏడుగురిలో చాలామందికి కరొలినా ఒక ఆస్తి మాత్రమే. దాన్ని పట్టించుకుని నడిపించినవాడు ఇతడే. పైగా ఇతడి జీవితం చదువుతుంటే విఠలాచార్య సినిమా చూసినట్టు ఉంటుంది, ఏ మలుపులో ఏమవుతాడో తెలియదు. అందుచేత ఈ నెల ఇతడి కథ చెప్పాలని మాకు అనిపించింది.

1621 జులై 22న డార్సెట్ సీమలో వింబోర్న్ సెంట్ జైల్స్ అనే పల్లెలో పుట్టాడు. తల్లి తండ్రికి మగసంతానం లేదు, తన ఇంటిపేరు నిలవాలని పట్టుపట్టి మనుమడికి ఆష్లీ అన్న మాట తగిలించాడు. పొట్టి మనిషి, చురుకైన మనిషి. ఏడో ఏట తల్లి, పదో ఏట తండ్రి పోయారు. బోలెడంత ఆస్తి, బోలెడంత అప్పు, వెనక ఎవరూ లేని పిల్లవాడు. ఇటువంటి పిల్లవాడి చుట్టూ ఎవరు చేరతారో మన సభ్యులకు మేము చెప్పనక్కరలేదు.

ఆ రోజులలో రాజుకు సైనిక సేవ చేసే షరతుమీద భూమి అనుభవించేవాడు మైనరు వారసుణ్ణి వదిలి చనిపోతే ఆ పిల్లవాడూ, ఆస్తీ రాజు చేతికి పోయేవి. రాజు ఆ సంరక్షణ హక్కును అమ్ముకునేవాడు. ఈ వ్యాపారం నడిపే కచేరీకి పేరు కోర్టాఫ్ వార్డ్స్. ఈ మాట వినగానే మా తాతగారు ఒక్క ఉదుటున లేచారు. "ఒరేయ్, మా తాత పనిచేసింది అక్కడేరా" అన్నారు. సంగతేమిటంటే, ఆ పేరే పట్టుకొచ్చి ఇంగ్లీషువారు మద్రాసు ప్రెసిడెన్సీలో మైనరు జమీందార్ల ఆస్తులు చూడడానికి ఒక కోర్టాఫ్ వార్డ్స్ పెట్టారు. పిఠాపురం రాజా గంగాధర రామారావుగారు 1890లో పోయినప్పుడు వారసుడు సూర్యారావుగారు పసివాడు. 1906లో ఆయనకు పట్టం వచ్చేవరకు సంస్థానం ఆ కోర్టు చేతిలోనే ఉంది. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎవరి పేరుమీద వెలసిందో ఆయనే ఈయన. మా తాతగారి తాత అక్కడ గుమాస్తా. జీతం రాకపోయినా మామూళ్లు వచ్చేవని ఇంట్లో చెప్పుకునేవారట, అది వేరే కథ.

పిఠాపురం రాజావారి ఆస్తి పదిలంగానే తిరిగి చేతికి వచ్చింది. మన కూపర్‌కు ఆ అదృష్టం లేదు. అప్పు తీర్చే మిషమీద అతడి భూములను కోర్టు కారుచౌకగా అమ్మించింది, కొన్నవారిలో బంధువులు ఉన్నారు. సొంత తాతకు తమ్ముడైన సర్ ఫ్రాన్సిస్ ఆష్లీ మరికొంత లాగాలని చూశాడు. అప్పుడు కూపర్‌కు పదమూడేళ్లు. తిన్నగా రాజుగారి అటార్నీ జనరల్ విలియం నాయ్ ఇంటికి వెళ్లి, ఒకప్పుడు మా తాతగారి దస్తావేజులు రాసింది మీరే కదా, నాకు మీరు తప్ప దిక్కులేదు అని నిలబడ్డాడు. నాయ్ కరిగిపోయి వకాల్తా పట్టాడు, కేసు గెలిచాడు. ఈ ముచ్చట పెద్దయ్యాక కూపర్ స్వయంగా రాసుకున్నాడు. అప్పటినుంచీ, రాజు అయినా సరే, ఒకడికి మరొకడిమీద అదుపులేని పట్టు ఉండరాదన్న కసి అతడిలో పాతుకుపోయిందని మాకు తోస్తుంది. ఆ కోర్టాఫ్ వార్డ్స్‌ను పార్లమెంటు 1660లో చట్టంచేసి పూర్తిగా ఎత్తివేసింది.

పదిహేనేళ్లకు ఆక్స్‌ఫర్డులో ఎక్సెటర్ కాలేజీలో చేరాడు. అక్కడ ర్యాగింగ్! సీనియర్లు కొత్తవాళ్ల గడ్డం కింద చర్మం గోటితో గీరి, ఉప్పునీళ్లు తాగించేవారు. కూపర్ కొత్తవాళ్లను కూడగట్టి, తానే ముందు ఒక సీనియర్ చెంప పగలగొట్టి ఆ ఆచారాన్ని మాన్పించాడట. కాలేజీలో ఇచ్చే బీరు పలచన చేయబోతే దానిమీద కూడా సమ్మె చేయించాడు. మనలో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలలో చదివినవారికి ఇది చదివి ఎవరెవరు గుర్తుకొస్తారో!

పద్దెనిమిదో ఏట పెళ్లి, అదే దారిలో పద్దెనిమిది నిండగానే 1640లో పార్లమెంటు సభ్యత్వం. తరువాత రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. 1643లో రాజు పక్షం. 1644లో పార్లమెంటు పక్షం. ఆ పైన క్రాంవెల్ ప్రభుత్వంలో సలహా సభ్యుడు, 1655 నాటికి క్రాంవెల్‌కు దూరం. 1660లో హాలెండులో ఉన్న రెండవ చార్లెస్‌ను రమ్మని పిలవడానికి వెళ్లిన పన్నెండుమందిలో ఒకడు. 1661లో లార్డ్ ఆష్లీ, ఖజానా చాన్సలరు. 1967లో హర్యానాలో ఒక శాసనసభ్యుడి పుణ్యమా అని మనకు 'ఆయారాం గయారాం' అన్న మాట దొరికింది కానీ, అసలు గయారాం ఇతడేనని శత్రువులు జీవితాంతం ఎగతాళి చేశారు. మేము కొంత తటపటాయిస్తున్నాము. ప్రతి గెంతులోనూ లాభం చూసుకున్నవాడు క్రాంవెల్ బలంగా ఉన్నప్పుడు వదిలి వస్తాడా? అలాగని నీతిమంతుడన్న సర్టిఫికెట్టు కూడా ఇవ్వలేము.

మన సంఘంలో డాక్టర్లు ఎక్కువ కనుక ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాము. హాలెండు ప్రయాణంలో బండి తిరగబడి అతడి పక్కకు దెబ్బ తగిలింది. తరువాత కడుపులో కుడివైపు వాపు. 1666లో మందునీళ్ల కోసం ఆక్స్‌ఫర్డు వెళ్లినప్పుడు వైద్యం చదువుకుంటున్న జాన్ లాక్ అనే అతడు పరిచయమయ్యాడు. అవును, ఆ లాక్ గారే, తరువాత రాజనీతి తత్త్వవేత్త. మరుసటి సంవత్సరం లండనులో కూపర్ ఇంటికే వచ్చి కాపురం ఉన్నాడు. 1668 జూనులో లాక్ పర్యవేక్షణలో ఒక సర్జను కూపర్ కడుపు కోశాడు. కాలేయంలో పెద్ద తిత్తి, హైడాటిడ్ సిస్టు. కుక్కలు, గొర్రెలు ఉన్నచోట వచ్చే ఆ జబ్బు ఆంధ్ర ప్రాంతపు డాక్టర్లకు కొత్తది కాదు. మత్తుమందు లేదు. మత్తుకు ఈథర్ వాడి మొదటిసారి ఆపరేషన్ చేసిన క్రాఫర్డ్ లాంగ్ మన పక్కనే జెఫర్సన్ ఊరివాడు, అది 1842లో. అంటే కూపర్ అందుకు 174 ఏళ్లు ముందు బల్లెక్కాడు. బతికాడు! చీము కారడానికి పెట్టిన వెండి గొట్టం జీవితాంతం అలాగే ఉంచుకున్నాడు. ఊరుకుంటారా? కల్లు పీపాకు కుళాయి పెట్టినట్టు ఇతడి కడుపుకు కుళాయి ఉందని పాటలు కట్టారు. పోలెండు రాజుగా ఎన్నిక కావాలని చూశాడన్న పుకారు ఒకటి తగిలించి 'ట్యాప్‌స్కీ' అని పేరు పెట్టారు.

ఆపరేషన్ జరిగిన మరుసటి సంవత్సరం, అంటే 1669లో, కూపర్, లాక్ కలిసి కరొలినాకు ఒక రాజ్యాంగం తయారుచేశారు. ఏ ఆలోచన ఎవరిదో పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. మా బల్లమీద ఆ కాగితం వారంరోజులు ఉంది. ముందు నవ్వు వచ్చింది. అక్కడ చెట్లు కొట్టడానికే మనిషి లేడు, వీళ్లు మాత్రం బిరుదులు పంచారు. 'లాండ్‌గ్రేవ్' అన్నవాడికి 48,000 ఎకరాలు, 'కసీక్' అన్నవాడికి 24,000. ఒక్కొక్క కౌంటీ 4,80,000 ఎకరాలు, మన ఫోర్సైత్ వంటివి మూడు కలిపితే అంత. ఈ లెక్కలు మా అమ్మాయే వేసింది.

తరువాత ఆశ్చర్యం వేసింది. ఇంగ్లండులో అధికార మతానికి వేరుగా ప్రార్థన చేసుకున్నవారిని జైళ్లకు పంపుతున్న కాలంలో ఈ కాగితం ఏమంటుందంటే, ఏ మతంవారైనా ఏడుగురు ఒకచోట చేరి ఒప్పుకుంటే అది వారి ఆరాధనా సంఘమే. యూదులు, ఇతర మతస్థులు కూడా రావచ్చు, దేవుడున్నాడని ఒప్పుకుంటే చాలు. వేరొకరి మతాన్ని తిట్టరాదు. 1669లో! మేము ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు ఒకరి ఇంటి బేస్‌మెంటులో ఏడెనిమిది కుటుంబాలు చేరి వినాయక చవితి చేసుకున్నది గుర్తుకు వచ్చింది. ఏడుగురు తెలుగువాళ్లు ఒక మాటమీద నిలబడడం మాత్రం ఆ దొర అనుకున్నంత తేలిక కాదని మన సంఘం మినిట్సు పుస్తకం చూసినవారు ఒప్పుకుంటారు.

ఆ కాగితంలోనే ఇంకొకచోట మా అమ్మాయి ఆగిపోయింది. 'లీట్‌మెన్' అని ఒక తరగతి ఉంది, వాళ్లు భూమికి కట్టుబడిన పాలేర్లు. వాళ్ల పిల్లలు, పిల్లల పిల్లలు, తరతరాలుగా లీట్‌మెన్‌గానే ఉండాలట. ఇంకొంచెం కిందికి వస్తే, కరొలినాలో ప్రతి స్వతంత్రుడికీ తన నీగ్రో బానిసలమీద సంపూర్ణమైన అధికారం ఉంటుంది, బానిస ఏ మతంలో కలిసినా సరే. సంపూర్ణం అంటే చంపినా అడిగేవాడు ఉండడన్నమాట. పదమూడేళ్లప్పుడు తనమీద ఇతరులకున్న పట్టును విడిపించుకోవడానికి అటార్నీ జనరల్ గుమ్మం ఎక్కిన పిల్లవాడు నలభై ఎనిమిదేళ్లకు దీనికి ఒప్పుకున్నాడు. ఇదేమీ పొరబాటున చేసినది కాదు. యువకుడిగా ఉన్నప్పుడే బార్బడోస్ దీవిలో చెరుకుతోటలో అతడికి వాటా ఉండేది, ఆ తోటలో పనిచేసింది బానిసలే. ఆఫ్రికా వర్తకానికి వెళ్లే ఓడలో వాటా ఉండేది. తరువాత రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో కూడా వాటాలు కొన్నాడు. "ఈయన మంచివాడా, చెడ్డవాడా?" అని మా అమ్మాయి. "మేము ఎటువైపు వకాల్తా పడితే అటు" అని తాతగారు నవ్వించబోయారు కానీ అది నవ్వలేదు.

కరొలినా రాజ్యాంగాన్ని వలస వెళ్లినవారు పూర్తిగా ఏనాడూ ఆమోదించలేదు. బిరుదులు ఎగిరిపోయాయి. లీట్‌మెన్ మాట కాగితంలోనే ఉండిపోయింది. బానిసల మాట మాత్రం నిలిచింది.

1672లో రాజు ఇతణ్ణి షాఫ్ట్స్‌బరీ ఎర్ల్‌ను చేసి, ఆ ఏడాది చివరలో లార్డ్ చాన్సలరును చేశాడు. ఏడాది తిరగకుండా తీసేశాడు. రాజు ఫ్రాన్సు రాజుతో రహస్యంగా ఏదో మంతనమాడుతున్నాడనీ, రాజుగారి తమ్ముడు జేమ్స్ క్యాథలిక్కు అయ్యాడనీ తెలిసి షాఫ్ట్స్‌బరీ ఎదురు తిరగడమే కారణం. ఆ నాటినుంచి రాజుకు మొదటి శత్రువు ఇతడే. పదిహేను నెలలు సభ పెట్టకుండా ఉంటే ఆ పార్లమెంటు చచ్చినట్టే అని 1677 ఫిబ్రవరిలో వాదించినందుకు మరి ముగ్గురు ప్రభువులతో పాటు లండను టవరులో పెట్టారు. తనకు తన వంటవాణ్ణే పంపమన్నాడట. విషం భయం. అది విని రాజుకు చాలా కోపం వచ్చింది.

జైలునుంచి హెబియస్ కార్పస్ కోరాడు. ఈ లాటిన్ మాటకు తాతగారి తెలుగు ఇది: "మనిషిని నా ముందుకు తీసుకురా, ఎందుకు పట్టుకున్నావో చెప్పు." కింగ్స్ బెంచ్ కోర్టు, ప్రభువుల సభ వేసిన శిక్షలో మేము జోక్యం చేసుకోలేమన్నది. సుమారు ఏడాది జైలులో ఉండి, 1678 ఫిబ్రవరిలో సభలో మోకరిల్లి క్షమాపణ చెప్పుకుని బయటపడ్డాడు.

అదే దశాబ్దంలో గోల్కొండలో తానీషా రాజ్యం. భద్రాచలం తహసీల్దారు కంచెర్ల గోపన్నగారు అదే కాలంలో కోటలో బందీ. మనమంతా ఎరిగిన రామదాసుగారు. పన్నెండేళ్లు ఉన్నారని మనవాళ్లు చెప్పుకుంటారు. ఆయనకు ఏ రిట్టూ లేదు, ఏ జడ్జీ లేడు. రామలక్ష్మణులే వచ్చి బాకీ కడితే కానీ విడుదల కాలేదని మన నమ్మకం. అందరి బాకీ కట్టడానికి దేవుడు రాడు కదా, అందుకే చట్టం కావలసి వచ్చింది అన్నారు తాతగారు.

ఆ చట్టం 1679 మే 27న వచ్చింది. రిట్టు అంతకుముందూ ఉంది కానీ జైలరు తప్పించుకునేవాడు. రేపు మాపు అనేవాడు, ఖైదీని దీవులకు తరలించేవాడు. ఎనమండుగురిలో పెద్దవాడైన క్లారెండన్‌మీద 1667లో వచ్చిన నేరారోపణలలో అదొకటి. కొత్త చట్టం ప్రకారం 20 మైళ్లలోపు ఉంటే మూడు రోజులలో, 100 మైళ్లలోపు అయితే పదిరోజులలో, ఆ పైన ఇరవై రోజులలో ఖైదీని కోర్టు ముందు నిలబెట్టాలి. లేకపోతే జైలరు ఖైదీకి మొదటి తప్పుకు 100 పౌన్లు, రెండో తప్పుకు 200 పౌన్లు చెల్లించాలి. రిట్టు ఇవ్వనన్న జడ్జీకి 500 పౌన్లు. సముద్రం దాటించరాదు. దీన్ని షాఫ్ట్స్‌బరీ చట్టమనే పిలిచేవారు. ప్రభువుల సభలో అది గట్టెక్కిన తీరు ఒక తమాషా. లెక్కపెట్టే ఇద్దరిలో ఒకడు పరాకుగా ఉండగా, రెండోవాడు ఒక లావుపాటి ప్రభువును చూపి వేళాకోళంగా పది అని లెక్క వేశాడనీ, అవతలివాడు గమనించక ఒప్పుకున్నాడనీ బిషప్ బర్నెట్ రాశాడు. నిజమెంతో కానీ, 57 - 55 అని లెక్క తేలిన ఆ రోజు సభ పుస్తకంలో హాజరైనవారు 107 మందే. మన సంఘం ఎన్నికలలో లెక్క తప్పిందని అలిగినవారు ఇది గమనించాలి.

ఇక్కడ తాతగారు కాసేపు మౌనంగా ఉండిపోయారు. 1975లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు ఆయన జూనియర్ ప్లీడరు. అన్నగారిని ఒక రాత్రి ఇంటినుంచి తీసుకుపోయారు. ఈయనే హెబియస్ పిటిషను తయారుచేసి సీనియరుగారికి ఇచ్చి ఎదురుచూస్తున్నారు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం ఆ పిటిషను వేసే హక్కే లేదని. అయిదుగురిలో కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే. "పిటిషను నా చేతిలోనే ఉంది. మా వదిన వచ్చి ఏమైందీ అంటే ఏం చెప్పను?" అన్నారు. ఈ సంగతి మాకు ఇంతకాలం తెలియదు, ఇంట్లో ఎవరూ చెప్పలేదు. అన్నగారు పధ్నాలుగు నెలల తరువాత వచ్చారు, పది కిలోలు తగ్గి. 1978లో 44వ సవరణతో ప్రాణానికీ స్వేచ్ఛకూ ఉన్న హక్కును ఎమర్జెన్సీలో సైతం తొలగించరాదన్నారు. ఆ 1976 తీర్పు తప్పని సుప్రీంకోర్టే 2017లో పుట్టస్వామి కేసులో చెప్పింది. అప్పటికి అన్నగారు లేరు.

ఈ దేశపు రాజ్యాంగంలో ఆ రిట్టు మొదటి అధికరణంలోనే ఉంది, తొమ్మిదవ సెక్షను. పౌరులకు మాత్రమే అన్న మాట అందులో లేదు. 2008లో గ్వాంటనామో ఖైదీ బూమెడీన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు రాస్తూ 1679 చట్టందాకా వెనక్కి వెళ్లింది. గ్రీన్‌కార్డు లైనులో ఏళ్లతరబడి నిలబడి ఉన్న మన కుటుంబాలలో ఈ మాట తెలిసినవారు ఎందరు? మాకూ తెలియదు. వీసా ముద్రల తేదీలు మాత్రం కంఠస్థం.

దొరగారి కథ ముగింపు వేగంగా వచ్చింది, అందంగా రాలేదు. 1678లో టైటస్ ఓట్స్ అనేవాడు క్యాథలిక్కులు రాజును చంపబోతున్నారని ఒక అబద్ధం పుట్టించాడు. జేమ్స్‌కు సింహాసనం దక్కకుండా చేయాలన్న పంతంలో షాఫ్ట్స్‌బరీ ఆ అబద్ధాన్ని ఎత్తుకుని ఊరేగాడు. ఎందరో అమాయకులను ఉరితీశారు. జైలు తలుపుకు తాళంచెవి చేసినవాడే తప్పుడు సాక్ష్యానికి గొడుగు పట్టాడు. ఇందులో మేము అతణ్ణి వెనకేసుకు రాలేము. చివరగా బలైనవాడు ఐర్లండు ఆర్చిబిషప్పు ఆలివర్ ప్లంకెట్, 1681 జులై 1న. మర్నాడు జులై 2న రాజద్రోహ నేరంమీద షాఫ్ట్స్‌బరీని పట్టుకుని టవరులో వేశారు. అతడు పోషించిన ఐరిష్ సాక్షులలో కొందరు ఇప్పుడు అతడిమీదే సాక్ష్యం చెప్పారు.

నవంబరు 24న జ్యూరీ ఆ అభియోగాన్ని కొట్టివేసింది. జ్యూరీ పెద్ద సర్ శామ్యూల్ బార్నర్డిస్టన్ ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ డిప్యూటీ గవర్నరు. మన మచిలీపట్నం అద్దకం బట్టలు ఓడకెక్కించిన కంపెనీయే. లండనులో భోగిమంటలు వేశారు, పతకాలు పోయించారు. అంతకు వారం ముందే కవి డ్రైడెన్ 'అబ్సలోమ్ అండ్ అకిటొఫెల్' అచ్చువేసి అతణ్ణి కుట్రదారుగా శాశ్వతం చేశాడు. కవితో పెట్టుకోరాదని మన చాటుపద్యాలు ఎరిగినవారికి తెలుసు. రాజు లండను అధికారులను మార్చి తన మనుషులను పెట్టగానే ఇక జ్యూరీ దక్కదని గ్రహించి 1682 నవంబరులో హాలెండుకు పారిపోయాడు. పదేళ్ల కిందట చాన్సలరుగా, ప్రాచీన రోము కార్తేజి నగరాన్ని నేలమట్టం చేసినట్టు హాలెండును నాశనం చేయాలని ప్రసంగించినవాడు ఇతడే. అభయమిస్తూ ఆంస్టర్‌డాం వారు, కార్తేజి ఇంకా నాశనం కాలేదు, ఉండనిస్తాము అన్నారట. 1683 జనవరి 21న అక్కడే పోయాడు. తాను రాజ్యాంగం రాసిన నేలను ఒక్కసారి కూడా చూడలేదు.

నేల సంగతి. 1729లో ఎనమండుగురి వారసులలో ఏడుగురు తమ వాటాలను రాజుకు అమ్ముకున్నారు. 1732లో ఆ భూమిలోంచి జార్జియాను విడదీశారు. మొదట్లో ఇక్కడ బానిసత్వం నిషేధం, 1735నుంచి పదిహేనేళ్లు. పక్క కరొలినాను చూసి ఓర్వలేక ఎత్తివేయించుకున్నారు. ఆ కరొలినాలో 1712లో శాసనసభ షాఫ్ట్స్‌బరీ హెబియస్ చట్టాన్ని తమదిగా స్వీకరించింది, అదే సంవత్సరంలో బానిసలను అదుపులో ఉంచే చట్టం కూడా చేసింది. రెండు కాగితాలూ ఒకే బల్లమీద. 1772లో లండనులో జేమ్స్ సోమర్సెట్ అనే బానిసను ఓడలో గొలుసులతో కట్టి ఉంచితే, విడిపించింది హెబియస్ రిట్టే.

కాగితాలలో చేతులు మారుతున్నంతకాలమూ ఇక్కడ ఉన్నది క్రీకులు, తరువాత చెరోకీలు. మనం పిల్లలతో ఎక్కే సానీ కొండ ఒక చెరోకీ పేరే. 1832లో జార్జియా ప్రభుత్వం వారి భూమిని ముక్కలు కోసి లాటరీ తీసింది. ఇటువైపు బంగారం ఉందన్న ఆశతో ఒక్కొక్క ముక్క 40 ఎకరాలు. ఆ ముక్కల నంబర్లే మా దస్తావేజులోని 'ల్యాండ్ లాట్' అంకెలు! ఆ ఏడు డిసెంబరులో ఫోర్సైత్ కౌంటీ ఏర్పడింది, 1838లో చెరోకీలను సైన్యం తరిమింది. 1912లో కౌంటీలోని సుమారు 1,100 మంది నల్లవారిని ఇళ్లు, పొలాలు వదిలించి రాత్రింబవళ్లు బెదిరించి వెళ్లగొట్టారు. 1987 జనవరిలో ఇరవైవేలమంది కమ్మింగులో ఊరేగింపు చేసేవరకు ఆ మాట బయటి ప్రపంచానికి పెద్దగా తెలియదు. మన పిల్లలు క్రికెట్ ఆడుతున్న మైదానాలు ఏ లాటులో ఉన్నాయో మేము చూడలేదు. ఎవరికైనా ఆసక్తి ఉంటే కౌంటీ రికార్డులలో చూడవచ్చును.

తాతగారి ప్రయాణానికి ముందు వారం చార్ల్‌స్టన్ వెళ్లాము. పులిహోర, పెరుగన్నం కట్టుకుని, అయిదున్నర గంటల దూరం. ఊరికి ఒకవైపు ఆష్లీ నది, ఒకవైపు కూపర్ నది, దొరగారి పేరే రెండుగా చీలి పారుతుంది. రెండూ కలిసేచోట తాతగారు చెప్పులు విడిచారు. సంగమం కదా, అలవాటు. మెట్లు దిగి దోసిట్లో నీళ్లు తీసుకున్నారు. ఆఫ్రికానుంచి ఓడలు దిగిన గాడ్స్‌డెన్ రేవు, దానిమీద 2023లో తెరిచిన మ్యూజియం ఉదయమే చూసి వచ్చాము. తలమీద చల్లుకోబోయి ఆగారు. "ఎవరికి వదలమంటావమ్మలూ?" అని మనుమరాలిని అడిగారు.

అది కాసేపు ఆలోచించి, "పేర్లు తెలియనివాళ్లందరికీ, తాతయ్యా" అన్నది. ఆయన వదిలారు. ఇంటిపని మాత్రం రెండురోజులు ఆలస్యంగా ఇచ్చింది, అందుకు మార్కులు తగ్గాయి.